సన్నబియ్యానికి తుది పరీక్ష పళ్లెంలోనే
గింజ కొలతతో తేలని రుచి.. వండి చూసే విధానం జిల్లా స్థాయికి రావాల్సిన అవసరం

సూర్యాపేట: చౌకధరల దుకాణాల ద్వారా సన్నబియ్యం పంపిణీకి 2025 మార్చి 30న, ఉగాది నాడు, సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్‌లో శ్రీకారం చుట్టారు. మనిషికి ఆరు కిలోల చొప్పున ఇచ్చే ఈ పథకానికి ప్రభుత్వం చెప్పిన ప్రధాన కారణం ఒక్కటే. అంతకుముందు ఇచ్చిన దొడ్డుబియ్యాన్ని చాలా కుటుంబాలు వండుకోలేదు. ఆ బియ్యం దళారుల చేతికి, అక్కడి నుంచి తిరిగి మిల్లులకు చేరింది. అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ కూడా బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి, వసతిగృహాలకు సన్నబియ్యం సరఫరా ప్రారంభించింది. తినేవారు మెచ్చని ఆహారం ఉచితంగా ఇచ్చినా పొయ్యి ఎక్కదన్న సత్యాన్ని రెండు రాష్ట్రాలూ ఆలస్యంగానైనా గుర్తించాయి. అయితే సన్నగా ఉన్నంత మాత్రాన అన్నం బాగుంటుందా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

కొలిచేది గింజనే
తెలంగాణలో 2024 వానాకాలం నుంచి సన్నధాన్యానికి క్వింటాలుకు రూ.500 బోనస్ ప్రకటించారు. ఇందుకోసం 33 రకాలను గుర్తించారు. కొనుగోలు కేంద్రాల్లో కాలిపర్‌తో బియ్యపు గింజ పొడవు, వెడల్పులు కొలుస్తారు. పొడవు 6 మిల్లీమీటర్లకు, వెడల్పు 2 మిల్లీమీటర్లకు మించకపోతే అది సన్నరకం. మిల్లు నుంచి గోదాముకు వచ్చిన బియ్యంలో నూకలు, తేమ, రంగు మారిన గింజలు, మట్టిపెళ్లలు ఎంత శాతమో చూస్తారు. ఇవన్నీ అవసరమైన పరీక్షలే. కానీ వీటిలో ఒక్కటి కూడా వండిన అన్నం గురించి చెప్పదు.

అన్నం గుణాన్ని నిర్ణయించేవి వేరు. బియ్యపు పిండిపదార్థంలోని అమైలోస్ శాతం వాటిలో ముఖ్యమైనది. ఇది 20 శాతం లోపు ఉంటే అన్నం అతుక్కుంటుంది. 25 శాతం దాటితే పొడిగా విరిసినా చల్లారాక గట్టిపడుతుంది. రెండింటి నడుమ ఉంటే చల్లారినా మెత్తగా ఉంటుంది. రెండోది ధాన్యం వయసు. కొత్తబియ్యం ముద్దవుతుంది. కొన్ని నెలలు నిల్వ ఉన్న బియ్యం ఎక్కువ నీరు పీల్చి విడివిడిగా ఉడుకుతుంది. పాతబియ్యానికి అంగడిలో అధిక ధర పలకడానికి కారణం ఇదే. మూడోది నూక. కేంద్ర ప్రమాణాల్లో చాలాకాలంగా 25 శాతం వరకు నూకను అనుమతించారు. నూక పెరిగితే గంజి చిక్కబడి అన్నం జిగటవుతుంది. ఒకే రకం సన్నబియ్యం ఒక నెల బాగుండి మరుసటి నెల ముద్ద కావడం వెనుక తరచూ ఉండేవి ఈ కారణాలే.

శాస్త్రం చేతిలోనే ఉంది
బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబమసూరి, అంటే బీపీటీ 5204, తెగుళ్లకు లొంగిపోయే రకమని తెలిసినా రైతులు వదలలేదు. వినియోగదారులు దాని అన్నాన్ని కోరడమే అందుకు కారణం. రాజేంద్రనగర్‌లో రూపొంది 2015లో విడుదలైన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, కూడా పళ్లెంలో మెప్పు పొందాకే పొలాల్లో విస్తరించింది.

హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ కొత్త వంగడాలను వండించి పరీక్షిస్తుంది. చూపు, అతుకు, చేతికి తగిలే మెత్తదనం, నమిలినప్పటి మెత్తదనం, రుచి, వాసన, మెతుకు సాగిన తీరు, మొత్తం మీద ఆమోదం అనే అంశాలకు పరీక్షకులు మార్కులు వేస్తారు. అది నిపుణుల పరీక్ష. సామాన్య వినియోగదారుల ఇష్టాన్ని తెలుసుకోవడానికి తొమ్మిది మెట్ల కొలమానం ఉంది. ‘అత్యంత ఇష్టం’ నుంచి ‘అత్యంత అయిష్టం’ వరకు సాగే దీన్ని 1940ల చివర అమెరికా సైన్యం తన సైనికుల భోజనం కోసం తయారు చేయించింది. పోషకాలు లెక్కగట్టి పంపిన తిండిని సైనికులు తినకపోతే ఆ లెక్క వ్యర్థమని గ్రహించడమే దానికి మూలం. చదవలేని చిన్నపిల్లలకు నవ్వుమొహం, ఏడుపుమొహం బొమ్మలు చూపి అడిగే పద్ధతీ ఉంది.

రుచి చూడటం వేరు.. ఇష్టం అడగటం వేరు
మధ్యాహ్న భోజనాన్ని వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయుడితో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలన్న నిబంధన ఉంది. అది పిల్లల భద్రతకు సంబంధించినది. అన్నం పాడైందో లేదో అది చెబుతుంది. పిల్లలు ఎందుకు సగం వదిలేస్తున్నారో చెప్పదు.

ఇందుకు భారీ ప్రయోగశాలలు అక్కర్లేదు. మండల స్థాయి గోదాముకు చేరిన ప్రతి లాటు నుంచి రెండు కిలోలు తీసి, ఒకే కొలత నీటితో వండి, మిల్లు పేరు తెలియకుండా అంకెల గుర్తుతో యాభై మంది కార్డుదారులకో, విద్యార్థులకో పెట్టి మార్కులు వేయించవచ్చు. తక్కువ మార్కులు వచ్చిన లాటును మరికొన్ని నెలలు నిల్వ ఉంచి ఆ తరువాత విడుదల చేయవచ్చు. తప్పు మిల్లింగ్‌దైతే మిల్లును, రకానిదైతే బోనస్ జాబితాను సరిచేయవచ్చు.

రైతు ప్రయోజనమూ ఇందులోనే ఉంది. బోనస్ గింజ కొలతకే పరిమితమైతే, సన్నగా ఉండి దిగుబడి ఎక్కువ వచ్చే రకం వైపే సాగు మొగ్గుతుంది. అన్నానికి వచ్చిన మార్కులు కూడా లెక్కలోకి వస్తే, తినేవారు కోరే రకం పండించిన రైతుకు గిట్టుబాటు ఉంటుంది. దొడ్డుబియ్యం దారిలోనే సన్నబియ్యమూ దళారుల పాలు కాకుండా ఉండాలంటే కార్డుదారుడి అభిప్రాయాన్ని పంపిణీకి ముందే తెలుసుకోవడం ఉత్తమం.