వ్యాయామానికి ఆనందమే అనుపానం

ఆయుర్వేద చికిత్సలో ఔషధమెంత ముఖ్యమో అనుపానమూ అంతే ముఖ్యం. చూర్ణాన్ని తేనెతో ఇవ్వాలా, నేతితో ఇవ్వాలా, గోరువెచ్చని పాలతో ఇవ్వాలా అన్నది వైద్యుడు ఆలోచించి నిర్ణయిస్తాడు. అనుపానం మందును చేరవలసిన చోటికి చేరుస్తుంది. అంతేకాదు, చేదును మరపించి రోగి ఆ మందును విడువకుండా సేవించేటట్లు చేస్తుంది. వ్యాయామం కూడా ఒక ఔషధమే. దానికీ ఒక అనుపానం కావాలి. ఆ అనుపానమే ఆనందం.

ఈ సంగతిని మరచినందువల్లనే మన మధ్యతరగతి గృహాలలో వ్యాయామం నిలవడం లేదు. రక్తపరీక్షలో చక్కెర పెరిగిందని తెలిసిన మర్నాడు తెల్లవారుజామునే లేచి నడక ప్రారంభిస్తాం. నలభై రోజులు గడవకముందే వాన వచ్చిందనో, చుట్టాలు వచ్చారనో మానివేస్తాం. కొందరు వేలకు వేలు వెచ్చించి కదలని సైకిలు యంత్రాన్ని ఇంటికి తెచ్చుకొంటారు. మూడు మాసాలు తిరగకుండానే అది తడి తువ్వాళ్ళు ఆరవేసుకొనే దండెమవుతుంది. లోపం నడకలో లేదు, యంత్రంలోనూ లేదు. వ్యాయామాన్ని శిక్షగా భావిస్తున్నాం గనుక, విడుదల ఎప్పుడా అని మనస్సు ఎదురుచూస్తూనే ఉంటుంది.

అటువంటి వారికి ఈ వ్యాసం ద్వారా చేయదలచిన మనవి ఒక్కటే. వసారా మూలన దుమ్ము పట్టి ఉన్న సైకిలును బయటికి తీయండి. చక్రాలకు గాలి కొట్టించి, చైనుకు నూనె వేయించి, దానినెక్కి ఊరు చూడండి. వేగం కోసం కాదు, పందెం కోసం కాదు. కేవలం ఆ పావుగంట సంతోషం కోసం.

శాస్త్రం ఏమంటున్నది?

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో వ్యాయామ ఫలితాలను వివరించాడు. శరీరానికి తేలికదనం, పనులు చేయగల సామర్థ్యం, జఠరాగ్ని ప్రజ్వరిల్లడం, మేదస్సు తరగడం, అవయవాలు పొందికగా గట్టిపడడం వ్యాయామం వల్ల కలుగుతాయని ఆయన అభిప్రాయం. అయితే అదే అధ్యాయంలో ఒక గొప్ప హెచ్చరిక కూడా ఉన్నది. బలవంతుడు సైతం శీతకాలంలోనూ వసంతంలోనూ తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలి. తక్కిన ఋతువులలో అంతకంటె తగ్గించాలి. మితిమీరిన వ్యాయామం వల్ల దప్పిక, ఆయాసం, దగ్గు, జ్వరం మొదలైన బాధలు కలుగుతాయి. తన బలానికి మించి ఏనుగును ఈడ్వబోయిన సింహం తానే నశించినట్లు అతిగా శ్రమించేవాడు చెడిపోతాడని ఆచార్యుడు ఉపమానం చెప్పాడు.

ఈ 'అర్ధశక్తి'ని గుర్తించడమెలా? నుదుటిమీద, ముక్కుమీద, కీళ్ళ వద్ద చెమట పట్టడం, నోరు ఎండినట్లనిపించడం, శ్వాస నోటి ద్వారా రాసాగడం దీనికి గుర్తులని ప్రాచీనులు చెప్పారు. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేని స్థితిలో శ్రమిస్తే అది మధ్యరకం వ్యాయామమని ఆధునిక వైద్యులు చెప్పే గుర్తు కూడా దీనికి దగ్గరగానే ఉన్నది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఇట్టి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు పదిహేను నిమిషాలు పోను, పదిహేను నిమిషాలు రాను సైకిలు తొక్కితే వారంలో అయిదు రోజులకే ఆ లెక్క పూర్తవుతుంది.

బ్రిటన్‌లో రెండున్నర లక్షలకు పైబడిన వ్యక్తులను కొన్నేళ్ళపాటు పరిశీలించిన అధ్యయనమొకటి 2017లో వెలువడింది. సైకిలుపై ఉద్యోగానికి వెళ్ళివచ్చే వారిలో మరణాలు, వాహనాలలో వెళ్ళేవారితో పోల్చితే సుమారు 41 శాతం తక్కువగా కనిపించాయి. ఆ మేలంతా సైకిలుదేనని చెప్పడానికి వీలులేదు. సైకిలు తొక్కేవారి తక్కిన అలవాట్లు కూడా మంచివై ఉండవచ్చు. అయినప్పటికీ ఇంతటి వ్యత్యాసాన్ని తేలికగా తీసిపారవేయరాదు.

అనకాపల్లి దారులలో

2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన నాటినుండి అనకాపల్లికి హోదా పెరిగింది. మోటారు వాహనాలు అంతకుముందు నుండే పెరుగుతూ వచ్చాయి. అయినా ఊరు ఇప్పటికీ సైకిలుకు అందే ఊరే. కూరగాయల బజారు, రైల్వేస్టేషను, పిల్లల బడి, గవరపాలెంలోని నూకాంబిక అమ్మవారి ఆలయం — పట్టణంలోని చాలా ఇళ్ళ నుండి ఇవన్నీ కొద్ది నిమిషాల తొక్కుడు దూరంలోనే ఉన్నాయి. అరకిలో వంకాయలకోసం, కొత్తిమీర కట్టకోసం స్కూటరు తీయడం మనకు అలవాటై పోయింది. ఆ పనికి సైకిలు తీస్తే పెట్రోలు ఖర్చు లేదు, బండి నిలపడానికి చోటు వెతుక్కోనక్కరలేదు. ఎదురైన మిత్రుని చూచి ఒక కాలు నేలకానించి నాలుగు మాటలు మాట్లాడవచ్చు. ఇదొక చిన్న ఆనందం.

చెరకు ఆడే రోజులలో ఊరి పొలిమేర దాటి చూడండి. చెరకు పిప్పి మంటమీద పెనంలో పాకం కుతకుతలాడుతుండగా వచ్చే బెల్లపు సువాసన మంచుతో కలిసి దారిపొడవునా పరచుకొని ఉంటుంది. కారు అద్దాలు మూసుకొని పోయేవారికి ఆ వాసన తెలియదు. మోటారుసైకిలుపై దూసుకుపోయేవారికి అది క్షణకాలం. సైకిలు మీద పోయేవారికి మాత్రం అది నిండుగా దక్కుతుంది. దేశంలోని పెద్ద బెల్లం విపణులలో ఒకటిగా పేరొందిన ఊరిలో ఉంటూ, ఆ బెల్లం పుట్టే వాసనను పిల్లలకు చూపించకపోవడం లోటు కాదా?

శారదా నది వంతెన మీద చల్లగాలి ముఖానికి తగలడం మరొక ఆనందం. ఎదురుగాలిలో చెమటోడ్చి వెళ్ళిన దారినే తిరుగు ప్రయాణంలో గాలి వెనుకనుండి నెడుతుంటే అప్రయత్నంగా ఇల్లు చేరడం ఇంకొకటి. పల్లంలో కాళ్ళు కదపకుండా కూర్చున్నప్పుడు వెనుక చక్రం చేసే టికటిక శబ్దాన్ని విని చిరునవ్వు నవ్వని మనిషి ఉండడు.

ఆదివారం నాడు మరికొంత దూరం పోదలచిన వారికి శంకరం గ్రామం ఉన్నది. పట్టణానికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ అనే జంట కొండలున్నాయి. అక్కడ రాతిలో తొలిచిన స్తూపాలు, గుహలు, ఇటుక కట్టడాలు ఉన్నాయి. 'సంఘారామం' అన్న మాటే శంకరమైందని చెబుతారు. కొండ దిగువన సైకిలు నిలిపి, మెట్లెక్కి, పైనుండి పచ్చని పొలాలను చూస్తూ పది నిమిషాలు మౌనంగా కూర్చుంటే కాళ్ళతోపాటు మనస్సుకూ వ్యాయామమవుతుంది. అలవాటు బాగా కుదిరినవారు మునగపాక మీదుగా కొండకర్ల ఆవ దాకా వెళ్ళి, శీతకాలపు పక్షులను, తామరలను, తాటిదోనెలను చూచి రావచ్చు. అయితే అచ్యుతాపురం వైపు పారిశ్రామిక వాహనాల రద్దీ ఎక్కువ గనుక తెల్లవారినాకనే బయలుదేరి, రద్దీ పెరగకముందే తిరిగి రావడం మంచిది.

కొండ సైకిలు కథ

ఇటీవల మధ్యతరగతి ఇళ్ళలో లావుపాటి చక్రాలు, అనేక గేర్లు గల 'మౌంటెన్ బైక్'ల పట్ల మోజు పెరిగింది. పిల్లవాడు పట్టుబట్టడం, తండ్రి స్తోమతకు మించి కొనడం, ఏడాది తిరగకుండానే గేరు చెడి అది మేడ మీదకు చేరడం చూస్తూనే ఉన్నాం. వాస్తవానికి ఆ సైకిలు పుట్టుక తెలిస్తే ఈ మోజు కొంత తగ్గుతుంది. 1970వ దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో తమాల్పయస్ అనే కొండ మీద కొందరు యువకులు పాతకాలపు బరువైన సైకిళ్ళతో మట్టిదారిన దిగుతూ వినోదించేవారు. తరువాత తమ అవసరాన్నిబట్టి వాటికి గేర్లు, గట్టి బ్రేకులు అమర్చుకొన్నారు. ఆ వినోదమే క్రమంగా పరిశ్రమగా ఎదిగి, 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో పోటీగా కూడా చేరింది. అంటే ముందు వచ్చినది ఆనందం. ఖరీదైన సైకిలు తరువాత వచ్చింది. మనం మాత్రం ఖరీదైన సైకిలును ముందు కొని, ఆనందం దానంతటదే వస్తుందని ఎదురుచూస్తున్నాం.

గాలి నింపిన టైరు కథ కూడా ఇటువంటిదే. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలోని డన్‌లప్ అనే పశువైద్యుడు తన చిన్న కుమారుని మూడుచక్రాల బండి కుదుపులు లేకుండా సాగాలన్న కోరికతో ఆ టైరును రూపొందించాడు. ఒక పిల్లవాని సుఖం కోసం చేసిన ప్రయత్నం లోకానికంతటికీ ఉపకరించింది.

ఊరిలో తిరగడానికి సాధారణమైన సైకిలే చాలు. కొండదారులు నిజంగా తొక్కే యువకులకు గేర్ల సైకిలు ఉపయోగపడుతుంది. అయితే బొజ్జన్నకొండ వంటి రక్షిత కట్టడాలపైకి సైకిళ్ళను ఎక్కించరాదు.

మొహమాటమే అసలు వ్యాధి

సైకిలు తొక్కడానికి అడ్డువచ్చేది మోకాలు కాదు, మొహమాటం. 'ఇంత ఉద్యోగం చేస్తూ సైకిలా?' అని నలుగురూ అంటారన్న భయం. ఒకప్పుడు ఉపాధ్యాయులు, తంతి తపాలా ఉద్యోగులు, కాంపౌండర్లు అందరూ సైకిలుపైనే తిరిగేవారు. గంటకింత అని అద్దెకు తెచ్చుకొని, ఫ్రేము సందులోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చిన తరం ఇప్పుడు యాభై, అరవై ఏళ్ళు దాటింది. వారికి సైకిలు పేదరికపు గుర్తుగా మిగిలిపోవడం విచారకరం. పాలవాడు, పేపరు కుర్రవాడు బ్రతుకు తెరువుకోసం తొక్కితే ఆరోగ్యంగా ఉంటున్నారు; మనం పరువు కోసం మానేసి మందుల దుకాణానికి బాకీపడుతున్నాం.

ఈ మొహమాటం స్త్రీల విషయంలో మరీ ఎక్కువ. బడికి సైకిలుపై వెళ్ళిన బాలిక పెళ్ళయిన తరువాత దానిని ముట్టుకోదు. పొరుగు రాష్ట్రమైన తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990వ దశకం తొలి సంవత్సరాలలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొన్నారు. ఒకరిపై ఆధారపడకుండా నీటికి, పనికి, బజారుకు తామే వెళ్ళగలిగారు. పొలం పనులు చేసుకొనే తల్లులు చేయగలిగినది మన గృహిణులు చేయలేరా? మేనల్లుడినో, మరదలినో తోడు తీసుకొని ఖాళీ మైదానంలో నాలుగు రోజులు తొక్కితే పోయిన ధైర్యం తిరిగి వస్తుంది.

గృహవైద్యపు సూచనలు

సీటు ఎత్తు సరిగా లేకపోవడమే మోకాలి నొప్పికి తరచుగా కారణం. పెడలు అడుగుకు చేరినప్పుడు కాలు దాదాపు చాపినట్లుండి, మోకాలు స్వల్పంగా మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలిపై భారం పడుతుంది.

భోజనానంతరం వెంటనే తొక్కరాదు. ఉదయం చిన్న గ్లాసుడు చోడి అంబలి త్రాగి బయలుదేరడం ఉత్తరాంధ్ర వారికి అనువైన పద్ధతి. తిరిగి వచ్చిన తరువాత చెమట ఆరనిచ్చి, ఉప్పు, నిమ్మరసం కలిపిన పలుచని మజ్జిగ పుచ్చుకోవాలి. వేసవిలో మిరియాలు, శొంఠి, ఏలకులు చిటికెడు చొప్పున కలిపిన బెల్లపు పానకం బడలిక తీరుస్తుంది. క్రొత్త బెల్లం కఫాన్ని పెంచి అగ్నిని మందగింపజేస్తుందని, ఏడాది నిలువ ఉన్న పాతబెల్లం పథ్యమని మన శాస్త్రం చెబుతున్నది. మధుమేహం ఉన్నవారికి పానకం పనికిరాదు. వారికి మజ్జిగే మేలు. అయితే చక్కెరను తగ్గించే మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు పరగడుపున తొక్కరాదు.

వారానికొక పర్యాయం నువ్వులనూనెను గోరువెచ్చగా చేసి పిక్కలకు, మోకాళ్ళకు, నడుముకు మర్దించుకొని, అరగంట తరువాత సున్నిపిండితో నలుగు పెట్టుకొని స్నానం చేస్తే కండరాల బిగువు సడలుతుంది. క్రింద పడి గాయమైతే సబ్బుతోనూ ధారగా పోసిన నీటితోనూ శుభ్రంగా కడిగి, ధనుర్వాతం సూది విషయమై వైద్యుని సంప్రదించాలి. గాయంపై మట్టి, ఆకుపసరు వంటివి పెట్టరాదు.

గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, కళ్ళు తిరగడం ఉన్నవారు, గర్భిణులు, శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుని అనుమతి లేనిదే ప్రారంభించరాదు. జాతీయ రహదారిని వీలైనంత వరకు తప్పించుకోవాలి. చీకటివేళ ముందు దీపం, వెనుక ఎర్రని రిఫ్లెక్టరు, తలకు శిరస్త్రాణం తప్పనిసరి.

చివరి మనవి

మన జాగ్రత్త మనం తీసుకొన్నా, రోడ్డు మనది కాకపోతే ప్రయోజనం స్వల్పం. బడికి సైకిలుపై పోయే బాలుడు లారీకి జడిసి మురుగుకాలువ అంచున తొక్కవలసి వస్తున్నది. ఆ భయంతోనే తల్లిదండ్రులు పిల్లవాని చేతినుండి సైకిలు తీసుకొని ఆటో ఎక్కిస్తున్నారు. పదిహేనేళ్ళకే వాని పొట్ట ముందుకు వస్తున్నది. బడి వేళల్లోనైనా బడుల ముందు వీధులలో భారీ వాహనాలను ఆపించమని, రోడ్డు పక్కన సైకిలుకు మూడడుగుల చోటు విడువమని పురపాలక అధికారులను అడగడం పౌరుల హక్కు. అయితే అడిగేవారు సైకిలు దిగి అడగాలి, కారు దిగి కాదు. వీధిలో పది సైకిళ్ళు కనిపిస్తేనే అధికారులకు సైకిలుదారులున్నారని గుర్తుంటుంది.

కనుక పాఠకులు రేపు ఉదయమే ఒక పావుగంట ప్రయత్నించి చూడవలసిందిగా ప్రార్థన. దూరం లెక్కించవద్దు, బరువు తూచుకోవద్దు. ఇంటికి వచ్చినప్పుడు రేపు మళ్ళీ వెళ్ళాలని మనస్సుకు తోచిందా లేదా అన్నది మాత్రం గమనించండి. అలా తోచినట్లయితే ఔషధం సరైన అనుపానంతోనే లోపలికి చేరినదని భావించవచ్చు.