దండలు మాకు, దరఖాస్తులు వాళ్లకు

ఫౌజు నుంచి వచ్చినవాడికి తోటి ఫౌజీ అంటే ప్రాణం. రైల్లో ఎదుటి సీటు కింద తెల్లరంగుతో పేరూ నంబరూ రాసిన నల్ల ట్రంకుపెట్టె కనబడితే చాలు, ‘ఏ యూనిట్టు సాబ్?’ అని మొదలవుతుంది. దిగేలోపు ఇద్దరి క్యారేజీలూ కలిసిపోతాయి. నేను హవల్దారుగా రిటైరై వచ్చాక మా అమ్మాయి పెళ్లి పందిట్లో వడ్డన చేసింది చుట్టాలు కాదు, మా మాజీ సైనికుల సంఘంవాళ్లు. సుబేదారుగారు నడుముకి తువ్వాలు చుట్టి సాంబారు బకెట్టు పట్టుకున్నారు. అలాంటి మనుషులు. ప్రభుత్వాన్ని తిట్టే వ్యాసం మరెవరైనా రాస్తారు. ఇది మా లెక్క.

ఏడాదిలో మూడు రోజులు మాకు పండగలు. జనవరి 14 వెటరన్స్ డే, 1953లో కరియప్పగారు రిటైరైన రోజు. డిసెంబరు 7 జెండా దినం. డిసెంబరు 16 విజయ్ దివస్. మెడల్స్‌కి పాలిష్ పెట్టి, కోటు తొడుక్కుని వేదికెక్కుతాం. దండ మొదట హోదాకి, తర్వాత మెడల్‌కి, ఆ తర్వాత ఏ యుద్ధంలో ఉన్నావన్నదానికి.

మాలో లంగర్లో, అంటే ఫౌజు వంటశాలలో, పనిచేసి వచ్చిన ఒకాయన ఉన్నాడు. ఎత్తు పోస్టుల్లో మంచుగడ్డలు పగలగొట్టి, కిరసనాయిలు స్టవ్వు మీద కరిగించి చాయ్ కాచిన మనిషి. అక్కడ గాలి పలచన. నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి గానీ పప్పు ఉడకదు, అన్నం పలుకు దిగదు. ప్రెషర్ కుక్కరు మొరాయించిందా, ఆ పూట అందరూ బిస్కెట్లే. అందుకని కుక్కరు రబ్బరు చలికి బిగుసుకుపోకుండా చొక్కా లోపల పెట్టుకుని పడుకునేవాడట. విజయ్ దివస్ నాడు ఆయన ఎక్కడుంటాడు? వంటల దగ్గర. ‘నీ అంత బాగా ఎవరు చేస్తారు’ అని మేమే పంపుతాం. ఇన్నేళ్లలో ఒక్కసారి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి దండ వేద్దామని ఎవరికీ తట్టలేదు.

ఆయనకు పింఛనైనా ఉంది. జవానుకు పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు నిండాలి. తల్లి మంచం పట్టిందనో, పొలం తగాదా ముదిరిందనో పన్నెండో ఏటా పదమూడో ఏటా డిశ్చార్జి అడిగి వచ్చేసినవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. నెలనెలా వాళ్ల చేతికి రూపాయి రాదు. మాజీ సైనికులకని 2003లో వచ్చిన ఈసీహెచ్‌ఎస్ వైద్యం కూడా ప్రధానంగా పింఛను ఉన్నవాళ్ల కోసమే. 2015 జూన్‌లో ఒకే ర్యాంకు ఒకే పింఛను కోసం ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర దీక్షలు మొదలైనప్పుడు మేమూ ఇక్కడ టెంటు వేసుకుని కూర్చున్నాం. ఆ టెంటు కట్టిందీ, మంచినీళ్ల డ్రమ్ము మోసిందీ పింఛను లేని ఇద్దరు. నవంబరులో ఉత్తర్వు వచ్చింది. 2014 జూలై 1 నుంచి లెక్కగట్టి బకాయిలూ వచ్చాయి. మాకు. మేం ఇచ్చిన వినతిపత్రంలో ఆ ఇద్దరి లాంటివాళ్ల గురించి ఒక్క వాక్యం లేదు. మధ్యలో వచ్చేశారు కదా అని లోలోపల ఒక చిన్నచూపు. పన్నెండేళ్లు సరిహద్దులో కాపలా కాసినవాడు మా కంటికి సగం ఫౌజీ.

అన్నిటికంటే తల దించుకోవాల్సింది ఆడవాళ్ల విషయంలో. మాలో ఒకాయన పోయాడు. ఆయన భార్య ఫ్యామిలీ పింఛనుకు పెట్టుకుంది. డిశ్చార్జి బుక్కులో ఆమె పేరు లక్ష్మి, ఆధార్‌లో మహాలక్ష్మమ్మ. పెళ్లయిన కొత్తలో యూనిట్ క్లర్కు అడిగితే ఆయన ఇంట్లో పిలిచే పేరు చెప్పాడు, అదే సర్వీసు రికార్డుకెక్కే పార్ట్ టూ ఆర్డర్లోకి ఎక్కింది. ఆయన బతికుండగా అయితే ఆయన సంతకంతో సరిదిద్దుకునే పని. పోయాక, ఆయన భార్యను నేనేనని ఆమె రుజువు చేసుకోవాలి. అఫిడవిట్టు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, రికార్డ్ ఆఫీసు, అక్కణ్నుంచి ఇంకో కాగితం కావాలంటూ తిరుగుటపా.

ఈ చిక్కు మాకు తెలియనిదా? అలాంటి ఆర్డర్లు టైపు కొట్టి రిటైరైన క్లర్కులే మా సంఘంలో ఉన్నారు. ‘వచ్చే మీటింగుకి డిశ్చార్జి బుక్కూ, పింఛను ఉత్తర్వు పీపీఓ, ఇంటావిడ ఆధారూ పట్టుకురండి, పేర్లు సరిచూద్దాం’ అంటే ఒక్క ఆదివారంతో తెమిలిపోయేది. అనలేదు. పాడె దగ్గర వరసగా నిలబడి సెల్యూట్ చేశాం, పేపర్లో ఫొటో వచ్చింది. ఏడాది తిరిగినా ఆమెకు పింఛను రాలేదు. మా మీటింగులకు ఆడవాళ్లు రారని అంటుంటాం; రమ్మని పిలిచింది ఎప్పుడు? చివరికి ఆ కాగితాలు నడిపించింది మీసేవలో పనిచేసే ఒక కుర్రాడు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అంటే ఎవరైనా దారి చూపిస్తారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్లారని చెప్పుకునే ఊరు. ఆ పేరెత్తని ఉపన్యాసం మాలో ఎవరూ ఇవ్వరు. వెళ్లినవాళ్ల సంఖ్య అందరికీ నోటికి వచ్చు. 1945 తర్వాత సైన్యాన్ని తగ్గించి లక్షలమందిని ఇళ్లకు పంపేస్తే, తిరిగొచ్చినవాళ్లు ఎలా బతికారన్నది మాత్రం ఏ ఉపన్యాసంలోనూ ఉండదు.

ఇప్పుడు మళ్లీ అలాంటి రోజులే వస్తున్నాయి. 2022లో తెచ్చిన అగ్నిపథ్‌లో నాలుగేళ్లు నిండాక నాలుగోవంతుకు మించి ఉంచుకోరు. మిగతా కుర్రాళ్లు సేవానిధి సొమ్ముతో తిరిగొస్తారు; పింఛను లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. వాళ్లలో కొందరికి తెల్లవారుజామున కాలవగట్టు మీద పరుగు నేర్పింది మేమే. ఫౌజంటే కుటుంబంరా అని చెప్పి పంపిందీ మేమే. కానీ మా సంఘం సభ్యత్వ ఫారంలో పీపీఓ నంబరు గడి ఖాళీగా ఉంటే ఫారం వెనక్కిస్తాం. టెంటు కట్టిన ఇద్దరూ అందుకే ఇప్పటికీ సభ్యులు కారు.

ఆ గడి తీసేయాలని మొన్నటి సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదన పెట్టారు. ఎజెండాలో అది ఐదోది. నాలుగోది క్యాంటీన్లో మందు కోటా. దాని మీద గంటన్నర మాట్లాడుకునేసరికి భోజనాల వేళయింది. ఐదోది వాయిదా వేద్దామన్నారు. అందరం చేతులెత్తాం, నాతో సహా.