ఆకు రాలిన చెట్టు చచ్చిన చెట్టు కాదు

ఫాల్గుణం వచ్చిందంటే నల్లగొండ, పాలమూరు గుట్టల మీద చెట్లు ఆకు రాలుస్తాయి. బస్సు కిటికీలోంచి చూసేవాళ్లకు గుట్టంతా బోడిగా, కాలిపోయినట్టుగా కనిపిస్తుంది. దగ్గరికి పోయి చూస్తే కథ వేరు. మోదుగు ఒంటి మీద ఆకు ఒక్కటి లేకున్నా కొమ్మ కొమ్మకూ పూత ఎర్రగా మండుతుంటుంది. ఆ తర్వాత ఇప్ప పూస్తుంది, మొర్రి కాస్తుంది, తునికిపండ్లు పచ్చబడతాయి, ఎండలు ముదిరేసరికి రేల చెట్టు పసుపు ఆరబోసినట్టు అవుతుంది. తొలకరి పడకముందే చిగురు తొడుగుతుంది. ఇది మన అడవి. ఆకురాల్చే అడవి.

ఇదే చెట్టు బడి ఆవరణలో ఉంటే ఏమవుతుంది? మార్చిలో ఆకు రాలగానే ‘ఎండిపోయింది’ అంటారు. రాలిన ఆకును ఊడ్చి కాలబెడతారు. ఒకనాడు గొడ్డలి తెచ్చి చెట్టునే కొడతారు. దాని జాగల ఏడాది పొడుగునా పచ్చగా కనిపించే పరాయి మొక్క తెచ్చి పెడతారు. మన బడుల్లో జరుగుతున్న పచ్చదనం పనికి ఇంతకంటే సూటి బొమ్మ లేదు. మన చెట్టు ఎట్లా బతుకుతుందో మనకే తెలియకుండా పోయింది.

చెట్టు ఆకు రాల్చేది చచ్చిపోవడానికి కాదు, బతకడానికి. నీళ్లు దొరకని నెలల్లో ఆకు ఉంటే ఉన్న తడి కాస్తా ఆవిరైపోతుంది. అందుకే అది ఒంటి మీది బరువు దించుకుని ఓపిక పడుతుంది. రాలిన ఆకు నేలకు దుప్పటి అవుతుంది. వానకు నాని, చివికి, మట్టిలో కలుస్తుంది. ఆ మట్టి మీద పడ్డ చినుకు ఉరికిపోకుండా ఇంకుతుంది. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన జిల్లాలు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన పల్లెలు, కరువుకు ఊళ్లు విడిచి వలస పోయిన కుటుంబాలు ఈ పాఠం అందరికంటే ముందు నేర్చుకోవాల్సింది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో అడవి భూమి నూటికి ఆరు పాళ్లకు మించి లేదు. పాలమూరులో ఉన్న అడవిలో పెద్ద భాగం నల్లమలే. మిగిలిన చోట గుట్టలు, కంచెలు, చెల్కల గెట్లు తప్ప అడవి ఆనవాలు లేదు.

మొక్కలు నాటలేదా అంటే నాటినం. 2015 జూలైలో హరితహారం మొదలైంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తీసుకుపోవాలన్నది లక్ష్యం. ఇప్పుడు పేరు మారి వన మహోత్సవమైంది. చేసిన మేలును కాదనలేం. రోడ్ల పొంట, ఊళ్ల పొంట నీడ పెరిగింది. కానీ లెక్క అంతా ఎన్ని నాటినం అన్న దగ్గరే ఆగింది. ఏవి నాటినం, ఎన్ని బతికినయి, అవి ఈ నేలవేనా అని అడిగినవాళ్లు తక్కువ. తొందరగా పచ్చబడుతుందని కోనోకార్పస్‌ను ఊరూరా పెంచి, తర్వాత సర్కారే దాన్ని నాటొద్దని చెప్పాల్సి వచ్చింది. తంగేడు మన రాష్ట్ర పుష్పం, జమ్మి మన రాష్ట్ర వృక్షం. 2014లో రాష్ట్రం వచ్చిన ఏడాదే ప్రకటించుకున్నం. ఇవాళ పదో తరగతి పిల్లను జమ్మి చెట్టు చూపించమంటే పుస్తకంలో బొమ్మ చూపిస్తుంది. బతుకమ్మకు తంగేడు, గునుగు కోసం చెల్కలు వెతికి వెతికి, ఆఖరుకు అంగట్లో కొనుక్కొస్తున్నం. గుర్తులు ప్రకటించుకున్నంత మాత్రాన నేల మీద మొలవవు.

మొలిపించిన మనుషులు మన మధ్యనే ఉన్నారు. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేసి ఫ్లోరైడ్ గోసను దేశం ముందు పెట్టిన సంగతి పాతతరం ఉద్యోగులకు గుర్తుంటుంది. ఆ పోరాటం నడిపిన జలసాధన సమితి దుశర్ల సత్యనారాయణ, తన సొంతూరు రాఘవాపురంలో, ఇప్పటి సూర్యాపేట జిల్లాలో, 70 ఎకరాల సొంత భూమిని అడవి చేశారు. చిన్ననాడు విత్తనాలు చల్లడంతో మొదలైన పని అది. దశాబ్దాలు పట్టింది. అమ్ముకుంటే కోట్లు పలికే భూమిలో పిట్టలు, పాములు, కుందేళ్లు కాపురం చేస్తున్నాయి. నీళ్ల కోసం కొట్లాడిన మనిషే అడవి పెంచడం యాదృచ్ఛికం కాదు. ఆ రెండూ ఒకే పోరాటమని ఆయనకు తెలుసు.

ఇది ఒక్కని పట్టుదల, విద్యార్థులతో అవుతుందా అనేవాళ్లు జడ్చర్ల పోయి చూడాలి. అక్కడి డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆవరణలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది. వృక్షశాస్త్రం చెప్పే డాక్టర్ సదాశివయ్య, ఆయన విద్యార్థులు కలిసి వందల జాతుల మొక్కలను ఒక్కచోట పెంచారు. ఆ కాలేజీలో చదివేది కార్పొరేట్ పిల్లలు కాదు. రైతుల, కూలీల, వలస పోయొచ్చిన కుటుంబాల పిల్లలు. పాలమూరు అంటే వలస, కరువు అని రాసేవాళ్లు ఈ తోట గురించి కూడా రాయాలి.

డిగ్రీ పిల్లలు సరే, బడిపిల్లల సంగతేమిటి? పొరుగున రాయలసీమలో మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి చుట్టూ ఉన్న గుట్టలు ఒకప్పుడు మేతకు, వంటచెరకుకు బోడివైనవే. పిల్లలు, పంతుళ్లు, చుట్టుపక్కల జనం ఏళ్ల తరబడి కాపాడితే పచ్చబడ్డాయి, పిట్టలు తిరిగొచ్చాయి. 1991లో ఆ లోయ పక్షుల రక్షిత ప్రాంతమైంది. అది ఫీజులు కట్టే బడి, వసతులున్న బడి అన్నది నిజమే. అయితే గుట్టను మళ్లీ లేపింది డబ్బు ఒక్కటే కాదు, ఓపిక. ఓపికలో మన జిల్లా పరిషత్ బడిపిల్లలు ఎవరికీ తీసిపోరు.

పని కూడా కష్టమైందేమీ కాదు. బడి ఆవరణలో ఒక మూల అర ఎకరమో, పది గుంటలో విడిచిపెట్టాలి. మొదటి పని నాటడం కాదు, కాపాడటం. చుట్టూ కంప కంచె వేసి మేకలను, మంటను ఆపితే చాలు, మోదుగు, తునికి వంటి వాటి పాత వేర్లుంటే అవే పిలకలు వేస్తాయి. రెండో పని విత్తనం. ఎండకాలంలో పిల్లలు తమ ఊరి గుట్ట మీదనే రేల, మద్ది, మొర్రి, ఊడుగ, జమ్మి విత్తనాలు ఏరుకు రావాలి. రేల గింజకు పెంకు గట్టిది, గీకి నానబెట్టాలి. వేప, ఇప్ప గింజలు రాలిన కొద్దిరోజుల్లోనే మొలకెత్తే బలం పోగొట్టుకుంటాయి, వెంటనే విత్తాలి. పాలిథిన్ సంచిలో వేరు చుట్టుకుపోయిన మొక్క కంటే, నేలలోనే మొలిచి వేరు లోతుకు దించిన మొక్క ఎండకాలం సెలవుల్లో నీళ్లు లేకున్నా తట్టుకుంటుంది. మూడో పని అన్నిటికంటే తేలిక. రాలిన ఆకును కాలబెట్టకుండా చెట్టు మొదట్లోనే ఉంచాలి. మూడు ఎండకాలాలు ఇట్లా దాటించగలిగితే ఆ తర్వాత తోట తన బతుకు తనే చూసుకుంటుంది. ఆరో తరగతిలో విత్తు వేసిన పిల్లవాడు పదో తరగతి పాసయ్యే నాటికి దాని నీడన నిలబడి ఫోటో దిగుతాడు.

పంతుళ్లకు అన్ని చెట్ల పేర్లు తెలియకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. తెలిసినవాళ్లను పిలవాలి. అమ్రాబాద్, మన్ననూరు పెంటల్లోని చెంచు పెద్దలకు నల్లమల ఆకు ఆకూ తెలుసు. ఊళ్లో గొర్లకాపరికి, మందుల ముసలమ్మకు, విస్తరాకులు కుట్టే తల్లికి తెలుసు. 2019లో యురేనియం తవ్వకాలకు ఎదురు నిలిచి నల్లమలను కాపాడుకున్నది ఆ తెలివే. వాళ్లను బడిలోకి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టి పాఠం చెప్పించుకుంటే, పిల్లలకు వృక్షశాస్త్రంతోపాటు మర్యాద కూడా వస్తుంది.

అడ్డంకులు లేవా? ఉన్నాయి. మార్కుల పరుగులో మట్టి ముట్టుకునే తీరిక లేదంటారు. అంతకంటే పెద్ద ప్రమాదం భూమి. మండల కేంద్రాల్లో సర్కారు బడి జాగ అంటే అందరి కన్నూ దాని మీదనే. ఖాళీగా ఉందన్న పేరుతో ఒక మూల ఆఫీసు కడతారు, ఇంకో మూల దుకాణాలు లేస్తాయి. 2025లో హైదరాబాద్ యూనివర్సిటీ విద్యార్థులు కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లకు అడ్డం నిలబడితే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. ‘ఖాళీ జాగ’ అని రాసుకున్న కాగితం మీద నెమళ్లు, జింకలు ఉన్నాయని లోకానికి చెప్పింది విద్యార్థులే. మీ బడి వెనుక కంచె కూడా ఖాళీ జాగ కాదు. దాన్ని నింపి పెట్టుకోవడమే దానికి పట్టా.

కాబట్టి మా అడుగుడు నాలుగు మాటలు. విద్యాశాఖ ప్రతి సర్కారు బడి జాగను కొలిచి హద్దురాళ్లు పాతాలి. అటవీశాఖ నర్సరీలు బడులకు ఈ నేల జాతులనే ఇవ్వాలి. నాటిన లెక్క కాదు, మూడో ఏడు బతికిన లెక్క అడగాలి. ఊరి పల్లె ప్రకృతి వనంలో ఒక భాగం బడిపిల్లలకు అప్పజెప్పాలి.

సర్కారును అడిగి ఊరుకుంటే సరిపోదు. ఉద్యోగ సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు ఒక్కో బడిని దత్తత తీసుకోవచ్చు. సెలవుల్లో ఊరికొచ్చే యూనివర్సిటీ విద్యార్థులు తాము చదివిన బడికి పోయి రెండు గుంటలు తవ్వొచ్చు. ధర్నాకు, వంటావార్పుకు రోడ్డెక్కిన జనానికి కంప కంచె ఒక లెక్కా?

మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రి కొమ్మ విరిగి పడితే, చెదలు తిన్న ఆ చెట్టుకు 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. మనిషికి చేసినట్టే వైద్యం చేశారు. వందల ఏండ్ల ముసలి చెట్టు మీద అంత ప్రేమ చూపిన జిల్లా మనది. ఆ ప్రేమ రేపటి చెట్ల మీద కూడా చూపాలి. వచ్చే ఫాల్గుణంలో మీ బడిలో ఏ చెట్టన్నా ఆకు రాల్చితే గొడ్డలి తీయకండి. పిల్లలను పిలిచి చూపించండి. అది చావలేదని, వానకోసం ఎదురుచూస్తున్నదని చెప్పండి. ఎదురుచూడటం అంటే ఏమిటో ఈ నేలకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర లేదు.