నీళ్ళ మహిమ

అశోకా రోడ్డుకి ఈ చివర ఆంధ్రా భవన్, ఆ చివర సేక్రెడ్ హార్ట్ కేథడ్రల్. మొన్న భవన్‌లో భోంచేసి అటు నడిచాను. (హేతువాదికి చర్చిలో పనేమిటని నవ్వకండి!)

బాప్తిస్మంతో కొత్త జన్మ, క్రీస్తులో అందరూ సమానం: ఇవి ఆ మతం మూల విశ్వాసాలు. 1878లో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలే. వాళ్ళ మనవల్ని పాత కులం పేరుతో పిలవడం ఊరు మానిందా? ఆ వైపు చాలాచోట్ల మాలలకో చర్చి, మాదిగలకో చర్చి. విశ్వాసంలో ఎదగమనే పాస్టర్లు దీని ఊసెత్తరేం?

కులం నీళ్ళలో కొట్టుకుపోయిందని గట్టిగా నమ్మేది ఒక్క సర్కారే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుని సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సవరించి, క్రైస్తవ దళితుణ్ణి మాత్రం ఎస్సీ కాదంటోంది. ఆంధ్రలో బీసీ-సి అని ఒక్క శాతం పడేశారు. నీళ్ళ మహిమని నేను నమ్మను. అందుకే ఆ హోదా వాళ్ళకీ ఇవ్వాలంటాను.