ఇంటికి బడికి నడుమ మౌనము

బాల్యమున చెలిమి యెంత సహజమో, తగవును అంత సహజము. ఆటలో పుట్టిన కలహము ఆటతోనే ముగియును. ప్రొద్దుట పోట్లాడుకొన్నవారు సాయంకాలము భుజములపై చేతులు వేసికొని యిండ్లకు పోవుదురు. ఇట్టి తగవులను చూచి పెద్దలు కలవరపడ నక్కరలేదు. కాని బలము గలవాడు బలము లేనివానిని ఎన్నుకొని, కావలెనని, దినదినమును నొప్పించుచుండుట తగవు కాదు, అది పీడనము.

ఒక బాలునికి నత్తి కలదనుకొందము. వాడు పాఠము చదువుటకు లేచినంతనే వెనుక బల్లపై నున్నవా డొకడు ఆ మాటను అనుకరించును. పదిమంది నవ్వుదురు. మరునాటినుండి నత్తియే వానికి పేరగును. కొన్నాళ్ళకు ఆ బాలుడు తెలిసిన జవాబును సైతము చెప్పడు. తెల్లవారగానే కడుపునొప్పి యనును. తల్లి వాము నీళ్ళు త్రాగించును. ఉపాధ్యాయుడు శ్రద్ధ తగ్గినదని ప్రగతి పత్రములో వ్రాయును. తల్లి చూచినది బడికి తెలియదు. ఉపాధ్యాయుడు చూచినది యింటికి తెలియదు. ఈ రెండింటి నడుమ నున్న మౌనములోనే పీడనము పెరుగును.

ఆ బాలుడు నోరు విప్పడేల? బడిలో చెప్పినచో చాడీలు చెప్పువాడని తోటివారు వెలివేయుదురు. ఇంట చెప్పినచో “నీవును తిరిగి కొట్టి రమ్ము” అని తండ్రి యనును. తిరిగి కొట్టగల శక్తియే యున్నచో వానికి ఈ బాధ కలుగునా? ఒకనికి శిక్ష పడవలెనని చెప్పునది చాడీ. ఒకని బాధ తీరవలెనని చెప్పునది సాయము. ఈ భేదమును ఇల్లును బడియు ఒక్కమాటగా పిల్లలకు నేర్పవలెను.

ఇది సాధ్యమేనా యని సందేహింప నక్కరలేదు. నార్వే దేశమున 1983లో పీడనమును అరికట్టుటకు దేశవ్యాప్తముగా ఒక ఉద్యమము సాగెను. ఉపాధ్యాయులకు ఒక చిన్న పుస్తకమును, బడియీడు పిల్లలున్న కుటుంబములకు ఒక పత్రమును అందజేసిరి. విద్యార్థులు తమ పేర్లు వ్రాయకయే ప్రశ్నలకు సమాధానము లిచ్చిరి. బెర్గెన్ నగరమున 42 పాఠశాలలలో సుమారు 2,500 మంది విద్యార్థులను డాన్ ఓల్వేయస్ అను మనశ్శాస్త్రవేత్త పరిశీలింపగా, రెండేండ్లలో పీడనము సుమారు సగమునకు తగ్గినట్లు తేలెను. ఇల్లును బడియు ఒకే విషయమును ఒకే కాలమున పట్టించుకొనుటచే ఇది సాధ్యమైనది.

మన దేశమున 2009లో వెలువడిన విద్యాహక్కు చట్టము బాలలను శారీరకముగా దండించుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. ప్రభుత్వ పాఠశాలలలో యాజమాన్య కమిటీ లుండవలెననియు, అందు నాలుగింట మూడువంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావలెననియు ఆ చట్టమే విధించినది. ఇల్లును బడియు కలిసి కూర్చుండుటకు చోటు ఇదివరకే యున్నదన్నమాట. అచ్చట ప్రహరీగోడను గూర్చియు, మధ్యాహ్న భోజనమును గూర్చియు మాటలాడుకొన్నట్లే, బడికి వచ్చుటకు భయపడు పిల్లలను గూర్చియు మాటలాడుకొనవలెను.

పీడించువాని తల్లిదండ్రులు “మా వాడు అట్టివాడు కాడు” అని కోపగించుట మేలు కాదు. వాడును బాలుడే, దిద్దవలసినవాడే గాని దుష్టుడని ముద్రవేయవలసినవాడు కాడు. పనివారిని, బీదవారిని పెద్దలు ఇంట ఎట్లు పిలుతురో, పిల్లలు బడిలో తోటివారిని అట్లే పిలుతురు. నేడు ఎగతాళి ఫోను వెంట పడకగది వరకును వచ్చుచున్నది. కావున తల్లిదండ్రుల జాగరూకత మునుపటికంటె మిక్కిలి అవసరము.

పెద్దలు ఎంత చేసినను, వారు చూడని చోట చూచువారు విద్యార్థులే. పదిమంది నవ్వుటచేతనే అనుకరించువానికి ఉత్సాహము కలుగును. ఆ పదిమందిలో ఒక్కడు నవ్వక, విరామ సమయమున ఆ బాలుని ప్రక్కన కూర్చున్నచో సగము బాధ తీరును. వానిని వెంటబెట్టుకొని ఉపాధ్యాయునికడకు పోయినచో మిగిలిన సగమునకు దారి దొరకును. ఎవరికిని చెప్పుకొనలేని బాలలు 1098 సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి సహాయము కోరవచ్చును. మౌనము పీడించువానికి బలము. సకాలమున పలికిన ఒక్క మాట పీడితునికి బలము.