అన్నవాహిక క్యాన్సర్: చికిత్సను నిర్ణయించే మిల్లీమీటరు

అన్నవాహిక గోడ మందం కొన్ని మిల్లీమీటర్లకు మించదు. ఆ కొద్ది మందంలో క్యాన్సర్ ఏ పొర వరకు చేరిందన్న దానిపైనే తొలిదశ చికిత్స ఆధారపడి ఉంటుంది. లోపలి శ్లేష్మపొరకే కణితి పరిమితమైతే, నోటి ద్వారా ఎండోస్కోపును పంపి ఆ భాగాన్ని మాత్రమే ఒలిచి తీయవచ్చు. దాని కిందనున్న పొరలోకి లోతుగా చొరబడితే లింఫ్ గ్రంథులకు వ్యాపించే ముప్పు బాగా పెరుగుతుంది. అప్పుడు అన్నవాహికను తొలగించి జీర్ణాశయాన్ని పైకి తెచ్చి కలిపే పెద్ద శస్త్రచికిత్స గాని, కీమోథెరపీ, రేడియేషన్ గాని అవసరమవుతాయి. అంచనా తప్పితే ఒక రోగి అనవసరంగా అన్నవాహికను కోల్పోతారు. మరొకరి శరీరంలో క్యాన్సర్ మిగిలిపోతుంది.

ఈ లోతును కొలిచే సాధనాల్లో ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ఒకటి. 5 నుంచి 12 మెగాహెర్ట్జ్ ధ్వని తరంగాలతో పనిచేసే సాధారణ పరికరాల్లో అన్నవాహిక గోడ ఐదు పొరలుగా కనిపిస్తుంది. 20 మెగాహెర్ట్జ్, అంతకు మించిన సూక్ష్మ ప్రోబులతో తొమ్మిది పొరల వరకు విడివిడిగా చూడవచ్చు. అయితే ఈ తరంగాలు ఎక్కువ దూరం చొచ్చుకుపోలేవు. అందువల్ల గోడ వెలుపలి లింఫ్ గ్రంథుల పరిశీలనకు పాత పరికరమే కావాలి.

చిత్రం స్పష్టత యంత్రం ఖరీదుపైనే ఆధారపడదు. గాలి ధ్వని తరంగాలను అడ్డుకుంటుంది గనుక ప్రోబుకు, గోడకు మధ్య ద్రవం ఉండాలి. అన్నవాహికలో పోసిన నీరు నిలవదు. జీర్ణాశయంలోకి జారిపోతుంది, పైకి వస్తే శ్వాసనాళంలోకి వెళ్లే ప్రమాదమూ ఉంది. నీటి బెలూను వాడితే దాని ఒత్తిడికి పొరలు అణగి, పలుచని కణితి సరిగా కనిపించదు. చిక్కని జెల్లీ నింపడం, మెత్తని పలుచని తొడుగులో నీటిని నిలపడం ఇందుకు వైద్యులు కనుగొన్న ఉపాయాలు. కొత్త యంత్రాలకు లభించినంత ప్రచారం వీటికి లభించలేదు.

ఇంత చేసినా పరిమితులు తొలగలేదు. కణితి చుట్టూ ఉన్న వాపు కూడా కణితిలాగే కనిపించి లోతును ఎక్కువ చేసి చూపవచ్చు. అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోట పరీక్ష మరింత కష్టం. ఒలిచి తీసే చికిత్సకు ముందు ఈ పరీక్షను అందరికీ చేయనవసరం లేదని యూరోపియన్ జీర్ణకోశ ఎండోస్కోపీ సంఘం 2022 మార్గదర్శకాల్లో పేర్కొంది. జపాన్ వైద్యులు ఉపరితల రక్తనాళాల ఆకృతిని పెద్దదిగా చూపే ఎండోస్కోపీకి ప్రాధాన్యమిస్తారు. తుది తీర్పు మాత్రం తీసిన కణజాలాన్ని మైక్రోస్కోపు కింద పరిశీలించే పాథాలజిస్టుదే.

భారతదేశానికి సంబంధించి అసలు చిక్కు అంతకు ముందే మొదలవుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022లో దేశంలో సుమారు 70 వేల మందికి ఈ వ్యాధి కొత్తగా సోకగా, 66 వేల మందికి పైగా మరణించారు. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉండటానికి ఆలస్యంగా గుర్తించడం ఒక ప్రధాన కారణం. ముద్ద మింగుడుపడనప్పుడే రోగి ఆసుపత్రికి వస్తారు. అప్పటికి కణితి సాధారణంగా కండర పొరను దాటి ఉంటుంది. ఆ దశలో 20 మెగాహెర్ట్జ్ ప్రోబుకు పెద్దగా పని ఉండదు.

పొగాకు, వక్క వాడకం అధికంగా ఉన్న మేఘాలయలోని తూర్పు ఖాసీ కొండల జిల్లాలో ఈ క్యాన్సర్ రేటు దేశంలోకెల్లా అత్యధిక స్థాయిలో ఉంది. అస్సాం, కశ్మీర్‌లలోనూ దీని తీవ్రత ఎక్కువే. చైనాలో ఇలాంటి అధిక ముప్పు ప్రాంతాల్లో లక్షణాలు లేనివారికి సైతం ఎండోస్కోపీ చేసి, అన్నవాహికపై అయోడిన్ ద్రావణం చల్లుతారు. ఆరోగ్యకరమైన పొర గోధుమ రంగుకు మారుతుంది. రంగు పట్టని మచ్చ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అల్ట్రాసౌండ్ అవసరం ఆ తర్వాతే వస్తుంది.