సముద్రం రంగు కాదు, వర్క్ పర్మిట్ చూడండి

శంషాబాద్‌లో విమానమెక్కితే బ్యాంకాక్ నాలుగు గంటల లోపే. దుబాయ్ కూడా దాదాపు అంతే. సముద్రం లేని హైదరాబాద్ నుంచి స్కూబా డైవింగ్ కొలువు కోసం విదేశాలకు వెళ్లాలనుకోవడం ఇప్పుడు వింతేం కాదు. ఐటీ నియామకాలు మందగించినప్పుడు వేరే దారి వెతకడంలో తప్పూ లేదు. చిక్కంతా దేశాన్ని ఎంచుకోవడంలోనే. చాలామంది రీల్స్‌లో నీళ్ల రంగు చూసి నిర్ణయించేస్తున్నారు.

ముందు ఒక సంగతి గుర్తు చేసుకోండి. థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని నమ్మి వెళ్లి మయన్మార్ సైబర్ మోసాల ముఠాలకు చిక్కిన 500 మందికి పైగా భారతీయులను 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు డైవర్లు కారు. కానీ ‘ముందు టూరిస్టుగా వచ్చేయ్, పర్మిట్ తర్వాత చూసుకుందాం’ అనే మాట ఏ రంగంలో వినిపించినా ప్రమాదమే.

డిగ్రీ ఉంటే చాలా?

పదో తరగతి పాసవ్వని వాళ్లు గల్ఫ్, థాయ్‌లాండ్, మలేసియా సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. మీకు అది అక్కర్లేదు. సౌకర్యమే, కానీ ఇందులో ఒక మెలిక ఉంది. మీ కాంట్రాక్టును ప్రభుత్వం తరఫున ఎవరూ ముందుగా పరిశీలించరు. ఆ పని మీరే చేసుకోవాలి. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. నమోదైన ఏజెంటు తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా రూ.30,000, ఆపైన జీఎస్టీ. లక్షల్లో అడిగితే అక్కడే ఆగిపోండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను కూడా సంప్రదించొచ్చు.

ఏ దేశం ఎలా?

థాయ్‌లాండ్: కో టావో ద్వీపం డైవింగ్ శిక్షణకు పేరున్న చోటు. అయితే వర్క్ పర్మిట్ లేకుండా పనిచేస్తే నేరం. జీతం లేని ‘ఇంటర్న్‌షిప్’ ఇస్తామన్నా, పర్మిట్ సంగతి రాతపూర్వకంగా అడగండి. సిమిలాన్ దీవుల్ని ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు మూసేస్తారు. ఆ నెలల్లో జీతం ఎవరిస్తారు?

మాల్దీవులు: రిసార్టుల్లో సాధారణంగా వసతి, భోజనం ఉద్యోగంతోనే వస్తాయి. డబ్బు మిగులుతుంది. కానీ పర్మిట్ యజమానితో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే ద్వీపం కూడా వదలాల్సిందే.

యూఏఈ: జీతంపై ఆదాయపు పన్ను లేదు. నియామక ఖర్చులు ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదని చట్టమే చెబుతోంది. దుబాయ్‌లో 2021లో తెరిచిన 60 మీటర్ల లోతు పూల్ ఉంది కాబట్టి అక్కడ డైవింగంటే సముద్రమొక్కటే కాదు.

ఆస్ట్రేలియా: 2024 నుంచి భారతీయులకూ వర్క్ అండ్ హాలిడే వీసా ఇస్తున్నారు. వయసు 18–30, ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు ఉండాలి. ఏడాదికి 1,000 మందికే, అదీ లాటరీలో. దక్కితే యజమాని స్పాన్సర్‌షిప్ లేకుండానే 12 నెలలు చట్టబద్ధంగా పనిచేయొచ్చు.

ముందు ఇక్కడే తేల్చుకోండి

పాడి సంస్థ లెక్కలో డైవ్‌మాస్టర్ కావాలంటే 18 ఏళ్లు నిండాలి, 60 డైవ్‌లు పూర్తవ్వాలి. ఇన్‌స్ట్రక్టర్‌కు 100. వెళ్లీ వెళ్లగానే జీతం రాదన్నమాట. అందుకే తొలి కోర్సు అండమాన్‌లోనో విశాఖలోనో చేసి, చెవులు ఆ ఒత్తిడిని తట్టుకుంటాయా, రోజూ సిలిండర్లు మోసే పని మీకు నచ్చుతుందా అన్నది చూసుకోండి. సముద్రంలో చమురు రిగ్గుల దగ్గర చేసే కమర్షియల్ డైవింగ్ వేరే వృత్తి. దానికి ఈ సర్టిఫికెట్ చెల్లదు.

ఆఫర్ వస్తే అడగాల్సినవి నాలుగు: పర్మిట్ ఎవరి పేరున, ఎప్పటికి వస్తుంది? ఇచ్చేది నెల జీతమా, విద్యార్థికింత అని కమీషనా? సీజన్ లేనప్పుడు పరిస్థితి ఏంటి? డైవింగ్ ప్రమాదాలకు బీమా ఉందా, రీకంప్రెషన్ చాంబర్ ఎంత దూరంలో ఉంది? లోతు నుంచి వేగంగా పైకొస్తే రక్తంలో నత్రజని బుడగలు ఏర్పడి ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు అక్కరకొచ్చేది ఆ చాంబరే.

ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబిచ్చిన యజమాని ఉన్న దేశమే మీకు సరైన దేశం. అక్కడి నీళ్లు కాస్త మసకగా ఉన్నా ఫర్వాలేదు.